ఇంజిన్ ఆయిల్ గ్రేడ్: డబ్బా మీది అంకెలు ఎంతవరకు చెబుతాయి, కలిపితే ఏమవుతుంది?

కారు మాన్యువల్ తెరిస్తే 5డబ్ల్యూ-30 అని ఉంటుంది. మెకానిక్‌ని అడిగితే "ఎండలు మండిపోతున్నాయి, 40 పోయించండి, ఇంజిన్‌కి మంచిది" అంటాడు. అదే కారున్న స్నేహితుడేమో 0డబ్ల్యూ-20కి మారాక మైలేజ్ పెరిగిందంటాడు. ఇంతలో ఒకరోజు ఆయిల్ లెవల్ తగ్గిపోతుంది. చేతిలో వేరే గ్రేడ్ డబ్బా తప్ప ఇంకోటి ఉండదు. కలిపితే ఇంజిన్ పాడవుతుందేమోనని టెన్షన్.

ఈ మాటల్లో దేన్నీ పూర్తిగా కొట్టిపారేయలేం. చిక్కు ఎక్కడంటే, అందరం డబ్బా మీది రెండు అంకెలనూ ఆ ఆయిల్ మొత్తం జాతకంలా చదువుతున్నాం. ఆ అంకెలు చెప్పేది చాలా తక్కువ. చెప్పే ఆ కొంచెం కూడా ఉష్ణోగ్రతతో కలిపి చూస్తేనే అర్థమవుతుంది.

కాబట్టి ముందు ఉష్ణోగ్రత సంగతి చూద్దాం. మామూలు 5డబ్ల్యూ-30 ఆయిల్ చిక్కదనం 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 10.5 సెంటీస్టోక్స్ (చిక్కదనాన్ని కొలిచే యూనిట్) ఉంటుంది. అదే ఆయిల్ 40 డిగ్రీల దగ్గర 60 దాటుతుంది. 20 డిగ్రీలకు దిగితే దాదాపు 160. అంటే పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఇంజిన్‌లో ఉండే ఆయిల్, బాగా వేడెక్కాక ఉండే ఆయిల్ కంటే పదిహేను రెట్లు చిక్కన. ఇంకా వేడెక్కి 120 డిగ్రీలకు చేరితే 7కి పడిపోతుంది. ఒకే డబ్బాలోని ఒకే ఆయిల్ రోజూ ఈ మొత్తం దూరం తిరిగొస్తుంది. మనం వాదించుకునే 30కీ 40కీ మధ్య తేడా దీని ముందు చాలా చిన్నది.

దీన్నే ఇంకోలా చూడొచ్చు. మామూలు 5డబ్ల్యూ-40 ఆయిల్ 100 డిగ్రీల దగ్గర 14 సెంటీస్టోక్స్ ఉంటుందనుకుందాం. అది 10.5కి పలచబడేది సుమారు 114 డిగ్రీల దగ్గర. అంటే 30 నుంచి 40కి మారడం వల్ల మనకు దక్కేది ఆయిల్ వేడిలో దాదాపు 15 డిగ్రీల వెసులుబాటు. గ్రేడ్ మార్చాలా వద్దా అని ఆలోచించేటప్పుడు నేను ముందు చూసేది ఇదే: నా కారులో ఆయిల్ మామూలు కంటే పదిహేను డిగ్రీలు ఎక్కువ వేడెక్కే పరిస్థితి నిజంగా ఉందా?

బయటి ఎండను బట్టి దీనికి జవాబు చెప్పలేం. ఇంజిన్‌లో థర్మోస్టాట్, రేడియేటర్ ఉన్నదే వేడిని అదుపులో ఉంచడానికి. బయట 20 డిగ్రీలున్నా 42 ఉన్నా మామూలు డ్రైవింగ్‌లో సంప్‌లోని (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోని) ఆయిల్ సుమారు 90 నుంచి 110 మధ్యే తిరుగుతుంది. అది 120, 130కి ఎగబాకేది బరువైన ట్రైలర్ లాగినప్పుడు, ఘాట్ రోడ్డులో నిండు లోడుతో ఎక్కినప్పుడు, హైవే మీద గంటల తరబడి అతి వేగంగా నడిపినప్పుడు. కాబట్టి "ఎండ ఎక్కువ, 40 పోయించు" అన్న సలహాలో ఎండ కంటే లోడుకే ఎక్కువ ప్రాధాన్యం ఇవ్వాలి.

ఇప్పుడు డబ్బా మీది అంకెలకు వద్దాం. వీటిని నిర్ణయించేది ఎస్‌ఏఈ అనే ఇంజినీర్ల సంస్థ ఇచ్చిన జె300 ప్రమాణం. డబ్ల్యూ ముందున్న అంకెకూ, గీత తర్వాతి అంకెకూ కొలమానం ఒకటి కాదు. మొదటిది చలి పరీక్షల ఫలితం. 0డబ్ల్యూ అనిపించుకోవాలంటే మైనస్ 35 డిగ్రీల దగ్గర ఇంజిన్ తిరగడానికి అడ్డుపడనంత పలచగా ఉండాలి, మైనస్ 40 దగ్గర కూడా పంపు ఆయిల్‌ను లాగగలగాలి. 5డబ్ల్యూకి ఇవి మైనస్ 30, మైనస్ 35. 10డబ్ల్యూకి మైనస్ 25, మైనస్ 30. 15డబ్ల్యూకి మైనస్ 20, మైనస్ 25. ఇలా ఐదేసి డిగ్రీల మెట్లు. రెండో అంకె వేడి ఇంజిన్‌కి సంబంధించింది, దాన్ని 100 డిగ్రీల దగ్గర కొలుస్తారు.

"5 చిక్కదనం వేడెక్కితే 30 అవుతుంది" అని చాలామంది అనుకుంటారు. వేడెక్కితే చిక్కబడే ఇంజిన్ ఆయిల్ లేదు. వేడికి ప్రతి ఆయిలూ పలచబడుతుంది, ఇలా రెండు అంకెలుండే మల్టీగ్రేడ్ ఆయిల్ కాస్త తక్కువగా పలచబడుతుంది, అంతే. ఎంత తక్కువ అన్నది చెప్పేదే విస్కాసిటీ ఇండెక్స్. ఈ అంకె పెద్దదైన కొద్దీ చలికీ వేడికీ మధ్య తేడా తగ్గుతుంది.

గడ్డకట్టే చలి ఎప్పుడూ ఉండని చోట డబ్ల్యూ అంకెతో పనే లేదనుకోవడం కూడా పొరపాటే. 20 డిగ్రీల హాయైన ఉదయాన 5డబ్ల్యూ-30 చిక్కదనం 160 అయితే, మామూలు 15డబ్ల్యూ-40ది 320 దాటుతుంది. రెండూ పంపు అవుతాయి, రెండింటితోనూ ఇంజిన్ స్టార్ట్ అవుతుంది. కానీ వేడెక్కేదాకా ఇంజిన్ ఆ రెట్టింపు చిక్కదనాన్ని తోసుకుంటూ తిరగాలి. ఆయిల్ వేడెక్కడానికి కూలెంట్ కంటే ఎక్కువసేపు పడుతుంది. ఉష్ణోగ్రత ముల్లు మధ్యకు వచ్చినంత మాత్రాన ఆయిల్ సిద్ధమైనట్టు కాదు. రోజూ నాలుగైదు కిలోమీటర్లు తిరిగి ఆగిపోయే కారులో ఆయిల్ చాలాసార్లు తన అసలు చిక్కదనానికి చేరనే చేరదు. అలాంటి కారుకి డబ్ల్యూ అంకె తక్కువుంటే మేలు.

గ్రేడ్ గురించి ఎక్కువమందికి తెలియని విషయం ఇంకోటుంది. పరీక్షల్లో ఇచ్చే గ్రేడ్ లాగే ఇది కూడా ఒక పట్టీ, ఖచ్చితమైన మార్కు కాదు. 100 డిగ్రీల దగ్గర 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ లోపు ఏదైనా 30 గ్రేడే. 12.5 నుంచి 16.3 లోపు ఏదైనా 40. ఒక కంపెనీ 30 ఆయిల్ 9.5 ఉండొచ్చు, ఇంకో కంపెనీ 30 ఆయిల్ 12.2 ఉండొచ్చు. ఆ 12.2 ఆయిల్‌ను 12.8 ఉన్న 40 గ్రేడ్ ఆయిల్ పక్కన పెడితే తేడా దాదాపు లేనట్టే. డబ్బాల మీద మాత్రం వేర్వేరు అంకెలు. ఒకే గ్రేడ్ రాసున్న రెండు 30ల మధ్య తేడా దానికి నాలుగు రెట్లకు పైనే ఉంది. గ్రేడ్ మార్చగానే ఇంజిన్ శబ్దం తగ్గిందని ఒకరు, ఏ మార్పూ లేదని ఇంకొకరు చెబితే ఇద్దరూ నిజమే చెబుతూ ఉండొచ్చు.

ఇక బేరింగ్ లోపలికి వెళ్దాం. క్రాంక్ షాఫ్ట్ బేరింగ్‌లో లోహం లోహాన్ని తాకదు. తిరిగే షాఫ్ట్ తనే ఆయిల్‌ను లోపలికి లాక్కుని, ఒత్తిడి పుట్టించి, ఆ పొర మీద తేలుతుంది. ఆ పొర అన్నిటికంటే సన్నగా ఉండే చోట ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) చుట్టుపక్కల ఉంటుంది, ఒక్కోసారి అంతకంటే తక్కువ. పొర నిలబడటం మూడింటి మీద ఆధారపడి ఉంటుంది: చిక్కదనం, వేగం, మోయాల్సిన బరువు. జర్మన్ ఇంజినీర్ రిచర్డ్ స్ట్రిబెక్ 1902లో ప్రచురించిన ప్రయోగాల నుంచి ఈ మూడింటి లెక్క గ్రాఫ్ గీతగా మన దగ్గరుంది. ఆయిల్ మరీ పలచనైతే లోహాలు రాసుకుంటాయి. మరీ చిక్కనైతే పొర భద్రంగానే ఉంటుంది కానీ, ఆయిల్‌ను ఆయిలే చీల్చుకుంటూ కదలాలి కాబట్టి శక్తి వృథా అయి వేడిగా మారుతుంది. పిస్టన్ పైనా కిందా ఆగి వెనక్కి తిరిగే చోట, క్యామ్ లోబ్ మీద ఏ ఆయిలూ పూర్తి పొరను నిలపలేదు. అక్కడ కాపాడేది ఆయిల్‌లో కలిపే జింక్ సమ్మేళనాల లాంటి అడిటివ్‌లు. అంకెల్లో వాటి ఊసే ఉండదు.

బేరింగ్ లోపల ఆయిల్ సంప్‌లో కంటే వేడిగా ఉంటుంది, విపరీతమైన రాపిడిలో ఉంటుంది. అందుకే 100 డిగ్రీల దగ్గర నెమ్మదిగా జారనిచ్చి కొలిచిన అంకె అక్కడికి సరిపోదు. 150 డిగ్రీల దగ్గర, సెకనుకి పది లక్షల షియర్ రేటుతో, అంటే ఆయిల్ పొరలు ఒకదాని మీద ఒకటి అతి వేగంగా జారేలా చేసి, వేరుగా ఒక కొలత తీస్తారు. దాని పేరు హెచ్‌టీహెచ్‌ఎస్ (హై టెంపరేచర్ హై షియర్). మిల్లీపాస్కల్ సెకన్లలో చెబుతారు. 20 గ్రేడ్‌కి కనీసం 2.6, 30కి 2.9 ఉండాలి. 0డబ్ల్యూ, 5డబ్ల్యూ, 10డబ్ల్యూతో మొదలయ్యే 40లకి 3.5, 15డబ్ల్యూ-40కి 3.7. ఒక్క అంకె చూసి ఆయిల్ ఎంచుకోమంటే నేను దీన్నే చూస్తాను. ఎందుకంటే మల్టీగ్రేడ్ ఆయిళ్లలో చిక్కదనంలో కొంత భాగం పొడవాటి పాలిమర్ గొలుసుల వల్ల వస్తుంది. రాపిడిలో ఆ గొలుసులు ప్రవాహం దిశలో సాగిపోయి చిక్కదనం తాత్కాలికంగా తగ్గుతుంది. కొన్ని తెగిపోతాయి కూడా, అలా తగ్గింది ఇక తిరిగి రాదు. 100 డిగ్రీల దగ్గర ఘనంగా కనిపించే ఆయిల్ బేరింగ్‌లో ఎంత నిలుస్తుందో హెచ్‌టీహెచ్‌ఎస్ చెప్పేస్తుంది.

పలచని ఆయిళ్ల మీద రెండు వైపులా అపోహలున్నాయి. "కొత్త ఇంజిన్లలో సందులు మరీ సన్నం, అందులోకి 40 దూరదు" అనేది ఒకటి. 0డబ్ల్యూ-20 ఆయిల్ 40 డిగ్రీల దగ్గర సుమారు 45 సెంటీస్టోక్స్ ఉంటుంది. వేడెక్కిన 40 గ్రేడ్ ఆయిల్ 14. సందుల్లోకి 14 దూరలేకపోతే రోజూ పొద్దున్నే 45, అంతకంటే చిక్కన ఎలా దూరుతోంది? "పలచని ఆయిల్ మైలేజ్ లెక్కల కోసమే, ఇంజిన్ అరిగిపోతుంది" అనేది రెండోది. మైలేజ్ కోసమే తెచ్చారన్నది నిజం. ఎస్‌ఏఈ 16 గ్రేడ్‌ను 2013లో, 12, 8 గ్రేడ్లను 2015లో చేర్చింది అందుకే. కానీ అలాంటి ఆయిల్ కోసం డిజైన్ చేసిన ఇంజిన్లలో బేరింగ్ వెడల్పు, పైపూతలు, ఆయిల్ పంపు అన్నీ దానికి తగ్గట్టు చూసుకుంటారు. అలా డిజైన్ చేయని పాత ఇంజిన్‌లో స్నేహితుడి మాట విని 0డబ్ల్యూ-20 పోయడం మాత్రం నిజంగానే ప్రమాదం. చిక్కగా పోసి చెడగొట్టడం కంటే పలచగా పోసి చెడగొట్టడం తేలిక. మాన్యువల్ అనుమతించని పలచదనం జోలికి పోవద్దు.

ఆయిల్ ప్రెజర్ చూసి తీర్పు చెప్పేవాళ్లు కూడా ఉన్నారు. పంపు ఒక్కో చుట్టుకు దాదాపు ఇంత అని కొలిచినట్టు ఆయిల్ తోస్తుంది. ఆయిల్ చిక్కనైతే దారిలో అడ్డు పెరిగి ప్రెజర్ ఎక్కువ చూపిస్తుంది. ఇంకా పెరిగితే రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని కొంత ఆయిల్ వెనక్కి వెళ్లిపోతుంది. మీటర్‌లో ప్రెజర్ ఎక్కువ ఉందంటే బేరింగ్‌కి ఆయిల్ ఎక్కువ అందుతోందని కాదు. బేరింగ్ వేడిని మోసుకెళ్లేది ప్రవాహం. అది చిక్కని ఆయిల్‌తో తగ్గుతుంది.

మరి ఎలా ఎంచుకోవాలి? మాన్యువల్‌లో సాధారణంగా గ్రేడ్‌తో పాటు ఒక స్పెసిఫికేషన్ కూడా ఉంటుంది: ఏపీఐ ఎస్‌పీ (అమెరికా ప్రమాణం), ఏసీఈఏ సీ3 (యూరప్ ప్రమాణం), లేదా కార్ల కంపెనీ సొంత అప్రూవల్ నంబరు. చాలామంది గ్రేడ్ చూసి స్పెసిఫికేషన్ వదిలేస్తారు. నేనైతే ముందు స్పెసిఫికేషన్ సరిపోయిందా అని చూసి, ఆ తర్వాతే గ్రేడ్ గురించి ఆలోచిస్తాను. డీజిల్ కారులో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉంటే బూడిద తక్కువగా మిగిల్చే ఆయిలే వాడాలి, లేకపోతే ఫిల్టర్ త్వరగా పూడుకుపోతుంది. ఆయిల్‌లో మునిగి తిరిగే టైమింగ్ బెల్టున్న ఇంజిన్‌లో తప్పుడు ఆయిల్ ఆ బెల్టునే తినేస్తుంది. టర్బో ఉన్న డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ ఇంజిన్లలో తక్కువ వేగంలో ముందస్తు దహనం అనే సమస్య ఉంది, దాన్ని అరికట్టే పరీక్ష 2020లో వచ్చిన ఎస్‌పీలో ఉంది. గ్రేడ్ ఒక మెట్టు అటూ ఇటూ అయితే కలిగే నష్టం కంటే ఇవి పెద్దవి.

స్పెసిఫికేషన్ కుదిరాక, మాన్యువల్ ఒకటి కంటే ఎక్కువ గ్రేడ్లు ఇస్తే వాడకాన్ని బట్టి ఎంచుకోవచ్చు. చిన్న చిన్న ప్రయాణాలైతే పలచనిది, బరువు లాగే పనైతే చిక్కనిది. ఇక్కడ ఆయిల్ కంపెనీ ఇచ్చే టెక్నికల్ డేటా షీట్ బాగా పనికొస్తుంది. ఒక్క పేజీ ఉంటుంది, కంపెనీ సైట్‌లో దొరుకుతుంది. 100 డిగ్రీల దగ్గర చిక్కదనం ఎంతో చూడండి, పట్టీలో పైన ఉందో కింద ఉందో తెలుస్తుంది. హెచ్‌టీహెచ్‌ఎస్ ఇచ్చారేమో చూడండి. నోయాక్ అనే వరుస ఉంటే అదీ చూడండి. 250 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచితే ఎంత శాతం ఆవిరైందో చెబుతుంది. తక్కువుంటే మంచిది, ఎందుకంటే ఆవిరైపోయేవి పలచని భాగాలు. అవి పోతే లెవల్ తగ్గుతుంది, మిగిలింది చిక్కబడుతుంది.

పాతబడి ఆయిల్ తాగే ఇంజిన్‌కి మాన్యువల్ పరిధిలోనే ఒక మెట్టు చిక్కనిది పోసి చూడొచ్చు. ఒక్కోసారి వాడకం తగ్గుతుంది. అయితే ముందు పీసీవీ వాల్వ్ (ఇంజిన్ లోపలి ఆవిర్లను బయటికి లాగేది), వాల్వ్ సీళ్లు, లీకులు చూపించుకోవాలి. అరిగిన రింగుల్ని చిక్కదనం బాగుచేయదు.

ఇప్పుడు కలపడం గురించి. ఒక కంపెనీ ఆయిల్‌లో ఇంకో కంపెనీది కలిపినా, సింథటిక్‌లో మినరల్ కలిపినా విరిగిపోవు, విడిపోవు. ఇంజిన్ ఆయిళ్లు ఒకదానితో ఒకటి కలవాలన్నది ప్రమాణాల్లోనే ఉన్న షరతు. దాన్ని పరీక్షించడానికి ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ ఇచ్చిన డీ6922 అనే పద్ధతి ఉంది. కాబట్టి కలిపితే ఇంజిన్‌లో గడ్డకడుతుందన్న భయం అక్కర్లేదు.

కలిపాక చిక్కదనం ఎంతవుతుందనేది ఆసక్తికరమైన లెక్క. అది సగటు కాదు, పలచని ఆయిల్ వైపే మొగ్గుతుంది. రిఫైనరీల్లో రెఫుటాస్ సూత్రంతో, ఒక్కో చిక్కదనానికి రెండుసార్లు లాగరిథమ్ తీసి, వాటిని పాళ్ల ప్రకారం కలిపి, మళ్లీ వెనక్కి లెక్కిస్తారు. 40 డిగ్రీల దగ్గర 45 ఉన్న ఆయిల్, 160 ఉన్న ఆయిల్ సగం సగం కలిపామనుకోండి. సగటు 102 పైచిలుకు రావాలి. సూత్రం ప్రకారం వచ్చేది దాదాపు 81.

దీన్ని టాపప్‌కి పెట్టి చూద్దాం. నాలుగు లీటర్లు పట్టే ఇంజిన్‌లో మూడున్నర లీటర్ల 5డబ్ల్యూ-30 మిగిలింది, 100 డిగ్రీల దగ్గర 10.5. దానికి అర లీటరు 15డబ్ల్యూ-40 కలిపాం, 14.5. వచ్చేది 10.9. ఇంకా 30 పట్టీ మధ్యలోనే ఉంది. అర లీటరు వేరే గ్రేడ్ పడినంత మాత్రాన వేడి ఇంజిన్‌కి పెద్ద తేడా తెలియదు. లెవల్ కనీస గీత కిందికి పోయాక సరైన డబ్బా దొరికేదాకా అలాగే నడపడం దీనికంటే ఎన్నో రెట్లు ప్రమాదం. దొరికింది పోసి లెవల్ నింపండి.

కావాలని కలిపి సొంత గ్రేడ్ తయారు చేసుకోవడం మాత్రం వేరే సంగతి. 10.5 ఉన్న 30నీ 14 ఉన్న 40నీ సగం సగం కలిపితే "35" వస్తుందని కొందరి ఆశ. లెక్క వేస్తే 12.1 వస్తుంది, అంటే ఇంకా 30 గ్రేడే. ఏసీఈఏ సీ3 స్పెసిఫికేషన్ ఉన్న 5డబ్ల్యూ-30 ఆయిళ్లు చాలా వరకు 12 దగ్గరే ఉంటాయి, వాటి హెచ్‌టీహెచ్‌ఎస్ కూడా కనీసం 3.5. మాన్యువల్ ఒప్పుకుంటే, మనం శ్రమపడి కలిపేది ఒకే డబ్బాలో, ఇంజిన్ పరీక్షలు దాటి మరీ దొరుకుతోంది.

ఇంట్లో కలిపిన దానికి ఆ పరీక్షలే లేవు. వేడి చిక్కదనాన్ని లెక్కేసి చెప్పగలం కానీ, చలి ప్రవర్తనను లెక్కతో చెప్పలేం. తీవ్రమైన చలిలో ఆయిల్‌లోని మైనపు అంశం స్ఫటికాలుగా పేరుకోకుండా ఒక్కో కంపెనీ ఒక్కో అడిటివ్ వాడుతుంది. అవి ఒకదాని పనికి ఇంకోటి అడ్డుపడితే మిశ్రమం రెండిటికంటే కూడా ఎక్కువ బిగుసుకోవచ్చు. 5డబ్ల్యూ, 15డబ్ల్యూ కలిపితే 10డబ్ల్యూ అనుకోవడానికి ఏ ఆధారమూ లేదు. అడిటివ్‌ల పాళ్లూ అంతే: డిటర్జెంట్లు, జింక్, ఫ్రిక్షన్ మాడిఫైయర్లు (రాపిడి తగ్గించేవి) అన్నీ లోహం మీద చోటు కోసం పోటీ పడతాయి. స్పెసిఫికేషన్ ముద్ర ఆ ఒక్క ఫార్ములాకే, మన మిశ్రమానికి కాదు. చిక్కదనం పెంచుతామని విడిగా అమ్మే సీసాల్లో ఎక్కువగా ఉండేది ఇందాక చెప్పిన పాలిమరే. చిక్కదనం కోసం గేర్ ఆయిల్ కలపడం అస్సలు వద్దు, అందులోని గంధకపు అడిటివ్‌లు బేరింగుల్లోని రాగి లోహాలను తినే అవకాశం ఉంది.

టాపప్ చేసేటప్పుడు కారును సమతలంగా ఆపి, ఇంజిన్ ఆపేసి, ఐదు పది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ తీయండి. తుడిచి, మళ్లీ పెట్టి తీసి చూడండి. చాలా కార్లలో కింది గీత నుంచి పై గీతకు సుమారు లీటరు పడుతుంది. పావు లీటరు చొప్పున పోసి చూసుకోండి. పై గీత దాటితే క్రాంక్ షాఫ్ట్ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, నురగకు పొర నిలపడం చేతకాదు. కలిపింది ఒకే స్పెసిఫికేషన్ ఉన్నదైతే మామూలు గడువు దాకా వాడొచ్చు. డీపీఎఫ్ లేదా ఆయిల్‌లో మునిగే బెల్టున్న ఇంజిన్‌లో స్పెసిఫికేషన్ కుదరనిది పోయాల్సి వస్తే, కారు క్షేమంగా చేరాక ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్పించండి.

ఏమీ పోయకుండానే లెవల్ పెరుగుతూ, డిప్‌స్టిక్ దగ్గర ఇంధనం వాసన వస్తుంటే గ్రేడ్ మార్చడం మందు కాదు. పెట్రోలో డీజిలో ఆయిల్‌లో కలుస్తోంది. అప్పుడు చిక్కదనం ఒక గ్రేడ్ కిందికి కూడా దిగిపోవచ్చు. వేళ్ల మధ్య రుద్ది చూస్తే అది తెలియదు. చేతి వేడి దగ్గర మంచి ఆయిలూ పాడైన ఆయిలూ రెండూ చిక్కగానే తగులుతాయి. ఆ ఆయిల్ తీసేయించి, ఇంధనం ఎందుకు కలుస్తోందో చూపించాలి.